344 కిలోమీటర్లకు 80 నిమిషాలు: లండన్–ప్యారిస్ మధ్య సమయం ఎక్కడికి పోతోంది?

మా పిన్ని విజయవాడ నుంచి లండన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లింది. ఉన్న మూడు నెలల్లో ఓ నాలుగు రోజులు ప్యారిస్ కూడా చూసి రావాలని ఆమె ఆశ. ఫ్లైట్ టైములు ఓ కాగితం మీద రాసుకుని నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, పొద్దున ఎనిమిదింటికి లండన్‌లో బయల్దేరితే పదీ ఇరవైకి ప్యారిస్ అట. వచ్చేటప్పుడు సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే ఆరూ యాభైకే లండన్ అట. పోవడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై నిమిషాలేంట్రా? నెట్‌లో చూస్తేనేమో 344 కిలోమీటర్లు, 56 నిమిషాలు అని ఉంది. ఏది నమ్మను?"

అన్నీ నమ్మొచ్చు పిన్నీ అన్నాను. ఆ అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. ఆ ప్రశ్నలేమిటో ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టే యూరప్‌లో మొదటిసారి తిరిగే మనవాళ్లు ప్రయాణం రోజున లెక్క తప్పుతుంటారు. పిన్నికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గడియారం చిక్కు విప్పుదాం, అది తేలిక. టికెట్ మీద వేసే టైములు ఏ ఊరివి ఆ ఊరివే. ప్యారిస్ గడియారం లండన్ కంటే ఏడాది పొడవునా గంట ముందుంటుంది. మార్చిలో, అక్టోబరులో గడియారాలు మార్చేది కూడా రెండు చోట్లా ఒకే రోజున, ఒకే క్షణంలో కాబట్టి ఆ గంట తేడా మారదు. పోయేటప్పుడు 2 గంటల 20 నిమిషాల్లోంచి గంట తీసెయ్యాలి, వచ్చేటప్పుడు 20 నిమిషాలకు గంట కలపాలి. రెండు వైపులా మిగిలేది 1 గంట 20 నిమిషాలే.

ఆ గంట తేడాకు సూర్యుడితో పెద్దగా సంబంధం లేదు. ప్యారిస్ గ్రీనిచ్‌కు తూర్పున రెండు డిగ్రీల పైచిలుకు రేఖాంశం మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే అసలు తేడా 9 నిమిషాల 21 సెకన్లు. ఒకప్పుడు ఫ్రాన్స్ అధికారిక సమయం కూడా అదే, గ్రీనిచ్ కంటే సరిగ్గా అంత ముందు. 1911లో ఫ్రాన్స్ గ్రీనిచ్ సమయానికి మారింది. ఇంగ్లండ్ ఊరి పేరు తమ చట్టంలో రాయడానికి మనసొప్పక, "ప్యారిస్ సమయాన్ని 9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపినది" అని రాసుకున్నారు. ఆ లెక్కన రెండు నగరాల్లో గడియారాలు కలిసే నడవాలి. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం ప్యారిస్‌ను పట్టుకుని అక్కడి గడియారాలను బెర్లిన్ సమయానికి తిప్పింది. యుద్ధం ముగిసి, సైన్యం వెళ్లిపోయినా ముల్లు అక్కడే ఉండిపోయింది. పిన్ని కాగితం మీద తికమక పెట్టిన ఆ గంట అప్పటిదే.

ఇక దూరం. 344 కిలోమీటర్లు అన్నది లండన్ నడిబొడ్డు నుంచి ప్యారిస్ నడిబొడ్డుకు భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారి. గ్లోబు మీద రెండు ఊళ్ల దగ్గర వేళ్లు పెట్టి మధ్యలో దారం బిగిస్తే అది ఏ దారిన పడుతుందో అదే. దీన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీతకూ దారానికీ తేడా కంటికి ఆనదు. లిస్బన్ నుంచి హెల్సింకీకి చూస్తే మాత్రం తెలుస్తుంది. గ్లోబు మీద బిగించిన దారాన్ని మ్యాపు మీదికి దింపితే అది స్కేలు గీతను వదిలి ఉత్తరం వైపు విల్లులా వంగుతుంది. భూమి గుండ్రం, కాగితం చదును. ఆ వంపుకు కారణం ఇంతే.

అయితే విమానం నగరం నడిబొడ్డున ఎగరదు, నడిబొడ్డున దిగదు. హీత్రూ విమానాశ్రయం లండన్ మధ్య నుంచి పడమరగా ఇరవై కిలోమీటర్ల పైన ఉంటే, చార్లెస్ డి గాల్ విమానాశ్రయం ప్యారిస్‌కు ఈశాన్యంగా దాదాపు అంతే దూరంలో ఉంది. వాటి మధ్య దూరం 348 కిలోమీటర్లు. నగరాల మధ్య దూరానికి ఇది ఇంత దగ్గరగా రావడం ఒక రకంగా అదృష్టం, ఎందుకంటే యూరప్‌లో విమానాశ్రయం పేరు చూసి ఊరి దూరం ఊహించకూడదు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల అవతల ఉంది. ప్యారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే కూడా నగరానికి 80 కిలోమీటర్ల పైనే. టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడే ముందు ఊరి పేరు పక్కనున్న రెండో పేరు ఏమిటో తప్పకుండా చూసుకోండి.

సరే, 348 కిలోమీటర్లే అనుకుందాం. విమానం ఆ గీత మీదే పోతుందా? పోదు, పోనివ్వరు కూడా. దీని వెనక ఓ విషాదం ఉంది, అదీ ఈ రెండు నగరాల మధ్యే జరిగింది.

లండన్–ప్యారిస్ మధ్య రోజూ నడిచే విమాన సర్వీసు 1919 ఆగస్టు 25న మొదలైంది. ఇప్పటి హీత్రూకు దగ్గర్లోని హౌన్‌స్లో హీత్ మైదానం నుంచి ప్యారిస్ పక్కనున్న లె బుర్జేకు, యుద్ధంలో బాంబులు మోసిన డీహెచ్4 రకాన్ని కాస్త మార్చి నడిపారు. ఆ మొదటి ప్రయాణానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. అప్పట్లో పైలట్లకు దారి చూపించే పరికరాలు లేవు. కిందనున్న రోడ్డునో రైలు పట్టాలనో చూసుకుంటూ పోయేవారు. మబ్బు దిగితే కింద ఉన్నది కనపడాలని ఇంకా కిందికి దిగేవారు. 1922 ఏప్రిల్ 7న పొగమంచులో లండన్ పక్కనున్న క్రోయ్‌డన్ నుంచి వస్తున్న బ్రిటిష్ విమానం, లె బుర్జే నుంచి పోతున్న ఫ్రెంచ్ విమానం ఒకే దారిని చూసుకుంటూ ఎదురెదురుగా వచ్చి ఉత్తర ఫ్రాన్స్‌లో ఢీకొన్నాయి. ఏడుగురూ చనిపోయారు. ప్రయాణికుల విమానాలు గాల్లో గుద్దుకోవడం ప్రపంచంలో అదే మొదలు. ఆ తర్వాతే ఈ మార్గంలో పోయేవాళ్లకు, వచ్చేవాళ్లకు దారులు వేరు చేయడం, కుడివైపుగానే ఎగరాలని కట్టడి చేయడం మొదలైంది.

నేటి విమాన దారులకు మూలం అదే. ఇప్పుడు ఆకాశంలో పేర్లున్న బిందువులుంటాయి, ఒక బిందువు నుంచి మరో బిందువుకు విమానం పోతుంది. లండన్ చుట్టూ ఆరు విమానాశ్రయాల రాకపోకలు ఒకదాన్నొకటి తగలకుండా పోవాలి కాబట్టి ఎక్కే దారి, దిగే దారి వంకరగానే ఉంటాయి. అలా 348 కిలోమీటర్లకు పదుల కిలోమీటర్లు కలుస్తాయి.

దారి వంకరకు యుద్ధాలూ, రాజకీయాలూ కూడా కారణమే. ఏథెన్స్ నుంచి విల్నియస్‌కు గ్లోబు మీద దారం బిగిస్తే దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి ఉక్రెయిన్, బెలారుస్ మీదుగా పడుతుంది. 2021 మే 23న ఆ దారిలోనే ఒక విమానాన్ని బెలారుస్ ప్రభుత్వం మిన్స్క్‌లో దింపించి, అందులోని జర్నలిస్టును అరెస్టు చేసింది. యూరప్ విమానాలు ఆ దేశం మీదుగా ఎగరడం మానేశాయి. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ గగనతలం మూతపడింది. ఏథెన్స్, విల్నియస్ ఎక్కడికీ కదల్లేదు, వాటి మధ్య దారం కూడా మారలేదు. విమానం మాత్రం పడమరకు జరిగి పోలండ్ మీదుగా చుట్టూ తిరిగి పోతోంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నెట్‌లో కనపడే 56 నిమిషాలు ఎవరూ గడియారం పెట్టి కొలిచింది కాదు. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపితే వచ్చే లెక్క. 344ను 800తో భాగిస్తే 26 నిమిషాలు, దానికి 30 కలిపితే 56. చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేదాకా పట్టే సమయానికి ఇది ఫర్వాలేదు. ఈ మార్గంలో గాల్లో ఉండేది సాధారణంగా ఓ 50 నిమిషాలే.

టికెట్ మీద ఉండే సమయం వేరు. విమానం గేటు దగ్గర చక్రాల అడ్డుదిమ్మలు తీసి కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో గేటు దగ్గర మళ్లీ దిమ్మలు వేసేదాకా లెక్కపెడతారు. ఈ రంగంలో దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. పిన్ని టికెట్‌లో 1 గంట 20 నిమిషాలు అదే. గాల్లో 50 పోతే మిగిలిన అరగంట నేల మీదే గడుస్తుంది.

ఆ ఎనిమిది గంటల విమానంలో కిటికీ పక్కన కూర్చున్నామనుకుందాం. ఎనిమిదికి ట్రాక్టర్ లాంటి బండి విమానాన్ని వెనక్కి నెడుతుంది. ఇంజన్లు రాజుకుంటాయి. హీత్రూలో ఉన్నవి రెండే రన్‌వేలు. ఏడాదికి 4,80,000 రాకపోకలకు మించకూడదని పరిమితి, అంటే రోజుకు దాదాపు 1,300. విమానం మలుపులు తిరుగుతూ పోయి వరుసలో నిలబడుతుంది. ముందు నాలుగైదు తోకలు కనిపిస్తుంటాయి. మన వంతు వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై అవుతుంది.

విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ఏడాదిలో 70 శాతం సమయం హీత్రూ విమానాలు పడమరకే లేస్తాయి. ప్యారిస్ ఉన్నది ఆగ్నేయంలో. అంటే మొదటి నిమిషాలు మనం ప్యారిస్‌కు వీపు పెట్టి పోతున్నట్టు. తర్వాత ఎడమకు తిరిగి, దక్షిణ తీరం దాటి, సముద్రం మీదికి వస్తాం. ప్యారిస్ దగ్గరా ఇదే కథ. అక్కడ కూడా రన్‌వేలు తూర్పు పడమరలుగానే ఉన్నాయి. పడమటి గాలి ఉన్న రోజున వాయవ్యం నుంచి వచ్చిన మన విమానం విమానాశ్రయాన్ని దాటి తూర్పుకు పోయి, వెనక్కి తిరిగి, అప్పుడు దిగాలి. గుమ్మం ముందు నుంచే పోయి వీధి చివర మలుపు తిరిగి ఇంటికి వచ్చినట్టు.

ఇక వేగం. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైన నిలకడగా పోతున్నప్పుడు గంటకు 830 కిలోమీటర్ల దాకా పోగలదు. అయితే ఈ మార్గంలో ఆ వేగం దానికి కాసేపే దక్కుతుంది. 10,000 అడుగుల కింద మామూలుగా 250 నాట్లు, అంటే సుమారు 463 కిలోమీటర్ల వేగం మించకూడదని నియమం. దిగడానికి పైలట్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. 24,000 అడుగుల ఎత్తు నుంచి దిగాలంటే 72 నాటికల్ మైళ్లు, అంటే 133 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. ఎక్కడానికీ వంద కిలోమీటర్ల పైన పోతుంది. మొత్తం ఉన్నదే 350. చదునుగా పోయేది మధ్యలో మిగిలిన ముక్క మాత్రమే. టీ కప్పు చేతిలో పెట్టి పట్టుమని పది నిమిషాలు కాకుండానే సిబ్బంది ఖాళీ కప్పుల కోసం సంచి పట్టుకుని వచ్చేది అందుకే. అప్పటికే విమానం దిగడం మొదలుపెట్టి ఉంటుంది.

పక్కన లిస్బన్–హెల్సింకీ పెట్టి చూడండి. దూరం సుమారు 3,360 కిలోమీటర్లు, లండన్–ప్యారిస్‌కు దాదాపు పది రెట్లు. టికెట్ మీద సమయం నాలుగున్నర గంటలకు అటూ ఇటూ, అంటే మూడున్నర రెట్లు కూడా లేదు. నేల మీద గడిచే అరగంట, ఎక్కే దిగే శ్రమ రెండింటికీ దాదాపు సమానం. దగ్గరి ప్రయాణంలో ఆ భారమంతా కొద్ది కిలోమీటర్ల మీద పడుతుంది. గేటు నుంచి గేటుకు లెక్కేస్తే లండన్–ప్యారిస్ విమానం సగటు వేగం గంటకు 260 కిలోమీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, రైలు దగ్గర పనికొస్తుంది.

గాలి ప్రభావం లిస్బన్–హెల్సింకీ లాంటి దూరాల్లో బాగా తెలుస్తుంది. పడమటి గాలి తోసుకుపోతుంది కాబట్టి తూర్పుకు పోవడం తొందరగా అవుతుంది, తిరుగు ప్రయాణం ఆలస్యమవుతుంది. లండన్–ప్యారిస్‌లో గాలి ఎక్కువగా పక్కనుంచే తగులుతుంది, కాబట్టి పెద్ద తేడా ఉండదు.

ఈ 80 నిమిషాల్లో ఇంకో పొర ఉంది. ఈ రంగంలో 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టరు. టైముకు వచ్చామని చెప్పుకోగలిగేలా ఎయిర్‌లైన్లు షెడ్యూల్‌లోనే కొన్ని నిమిషాలు అట్టిపెట్టుకుంటాయి. అన్నీ కలిసొచ్చిన రోజు విమానం టైము కంటే ముందే దిగి, గేటు ఖాళీ కాక నేల మీద ఆగి ఉండటం మీరూ చూసే ఉంటారు. కలిసిరాని రోజూ ఉంటుంది. యూరప్ ఆకాశంలో రద్దీని బ్రసెల్స్ నుంచి యూరోకంట్రోల్ సంస్థ సర్దుతుంది. ఎక్కడో ఫ్రాన్స్ మీద రద్దీ పెరిగితే మన విమానానికి ఫలానా నిమిషాన లేవాలని స్లాట్ ఇస్తారు. దానికి ఐదు నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాతి వరకే వెసులుబాటు. అందుకే ఒక్కోసారి తలుపులు మూసేసి, అందరూ కూర్చుని ఉన్నా, విమానం గేటు దగ్గరే ఉండిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఆ నిరీక్షణ గాల్లో జరుగుతుంది. హీత్రూకు వచ్చే విమానాలు దిగే వంతు కోసం బోవింగ్‌డన్, లాంబర్న్, బిగిన్, ఓకమ్ అనే నాలుగు చోట్ల ఒకదాని మీద ఒకటి వెయ్యి అడుగుల ఎడంతో కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంటాయి. ఒక్కో చుట్టుకు నాలుగైదు నిమిషాలు. కిటికీలోంచి అదే ఊరు, అదే చెరువు రెండోసారి కనిపిస్తే మీరు ఆ చుట్టులో ఉన్నట్టే. కంగారు పడాల్సిందేమీ లేదు.

దూరం, సమయం అన్న మాటలకు ఇన్ని అర్థాలున్నప్పుడు చట్టం ఏది తీసుకోవాలి? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, పైగా ప్రయాణికుడికి డబ్బుతో పని. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన నిబంధన ప్రకారం ఎయిర్‌లైన్ బాధ్యత వల్ల విమానం మూడు గంటలు ఆలస్యంగా చేరితే పరిహారం ఇవ్వాలి. 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు. ఆ దూరం గ్రేట్ సర్కిల్ లెక్కనే కొలవాలని నిబంధనలోనే ఉంది. విమానం ఎంత చుట్టు తిరిగి వచ్చినా, మధ్యలో వేరే ఊళ్లో విమానం మారినా, మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య దారమే లెక్క.

మరి "చేరడం" అంటే ఎప్పుడు? దీని మీద 2014లో లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్‌కు వెళ్లిన ఒక విమానం చక్రాలు 2 గంటల 58 నిమిషాల ఆలస్యంతో నేలను తాకాయి. గేటుకు చేరేసరికి ఆలస్యం 3 గంటల 3 నిమిషాలైంది. చక్రాలు తాకినప్పుడే చేరినట్టంటే పరిహారం లేదు. విమానం తలుపుల్లో కనీసం ఒకటి తెరుచుకుని ప్రయాణికులు దిగడానికి వీలైన క్షణమే చేరిక అని న్యాయస్థానం తేల్చింది. అప్పటిదాకా వాళ్లు మూసిన డబ్బాలో ఉన్నట్టే, తమ పని తాము చూసుకోలేరు కదా అన్నది దాని వాదన. నాకు ఇది ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. యునైటెడ్ కింగ్‌డమ్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక ఇదే నిబంధనను తన చట్టంలో ఉంచుకుంది. అక్కడ ఈ దూరానికి పరిహారం 220 పౌండ్లు.

ఇంతా విన్నాక పిన్ని అడిగింది: "అయితే ఇంట్లో తలుపేసినప్పటి నుంచి హోటల్లో తలుపు తీసేదాకా ఎంతసేపు పడుతుందో అది చెప్పు." అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

విమానమైతే: లండన్ మధ్య నుంచి పికడిల్లీ లైన్ రైల్లో హీత్రూకు దాదాపు గంట. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి రెండు గంటల ముందే అక్కడుండాలి. విమానం గంటా ఇరవై. ప్యారిస్‌లో పాస్‌పోర్టు వరుస, సామాను కలిపి ముప్పావు గంట. అక్కడి నుంచి ఆర్‌ఈఆర్ బీ రైల్లో గార్ దు నోర్ స్టేషన్‌కు అరగంట పైన. మొత్తం ఐదున్నర గంటలు దాటుతుంది. ఇందులో గాల్లో ఉన్నది యాభై నిమిషాలే.

రైలైతే: లండన్ నడిబొడ్డున సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు గంటంపావు ముందు పోతే చాలు. యూరోస్టార్ రైలు దాదాపు 490 కిలోమీటర్ల పట్టాలను సుమారు 2 గంటల 20 నిమిషాల్లో పరిగెడుతుంది. విమానం గీత కంటే 140 కిలోమీటర్లు ఎక్కువ దూరం. సగటు వేగం గంటకు 210 కిలోమీటర్లు, విమానం గేటు నుంచి గేటుకు పోయిన 260కి ఎంతో దూరం కాదు. దిగేది నేరుగా గార్ దు నోర్‌లో, నగరంలోనే. పైగా ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ లండన్‌లో రైలెక్కక ముందే అయిపోతుంది, దిగాక నేరుగా బయటికి నడిచిపోవచ్చు. స్టేషన్‌కు చేరే సమయంతో కలిపి నాలుగు గంటలు. 1994లో ఈ రైలు మొదలైనప్పుడు మూడు గంటలు పట్టేది. ఇంగ్లండ్ వైపు కొత్త హైస్పీడు లైను 2007 నవంబరులో పూర్తయ్యాక ఇంత తగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఒక ప్రత్యేక రైలు ప్యారిస్ నుంచి లండన్‌కు 2 గంటల 3 నిమిషాల 39 సెకన్లలో వచ్చి రికార్డు పెట్టింది.

రెండున్నర గంటల్లో రైలు చేర్చగలిగే చోటికి విమానం ఎందుకన్న ఆలోచనతోనే ఫ్రాన్స్ 2023లో ప్యారిస్‌లోని ఓర్లీ నుంచి నాంత్, లియోన్, బోర్దోలకు విమానాలు ఆపేసింది. లండన్ వేరే దేశం కాబట్టి ఆ నిబంధన దీనికి వర్తించదు. వేరే ఖండం నుంచి వచ్చి హీత్రూలోనే విమానం మారి ప్యారిస్ పోయేవారికి విమానమే మేలు కూడా. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా ప్యారిస్ పోయే వ్యక్తి సామానుతో నగరంలోకి వచ్చి మళ్లీ రైలెక్కడంలో అర్థం లేదు.

దారి ఏదైనా ఒక్కటి మాత్రం మరవద్దు. యునైటెడ్ కింగ్‌డమ్ వీసాతో ప్యారిస్‌లో అడుగుపెట్టలేరు. మన పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా విడిగా కావాలి. దానికి పట్టే రోజుల ముందు ఈ గంటలూ నిమిషాలూ లెక్కే కాదు. పిన్ని ఆ రెండూ విజయవాడలో ఉండగానే తీసుకుని వచ్చింది.

చివరికి ఆమె రైలే ఎక్కింది. సొరంగం వచ్చినప్పుడు చెప్పమని కూతురికి ముందే చెప్పిపెట్టి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చుందట. సొరంగం పొడవు 50 కిలోమీటర్ల పైన, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం కింద. ఫ్రాన్స్ వైపు వెలుగులోకి వచ్చాక నాకు మెసేజ్ పెట్టింది: "సొరంగం ఇరవై నిమిషాలు. నీ లెక్కలో అది రాయలేదు, కలుపుకో."